విదేశాల్లో ఉన్న మనవాళ్ల ఓటు: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో చదువుకుని అమెరికా, జర్మనీ, సింగపూర్ వెళ్లిన పిల్లలున్నారు. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్, ఖతర్ వెళ్లి ఏళ్ల తరబడి పనిచేస్తున్న అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములున్నారు. ఎన్నికల తేదీ ప్రకటించగానే వాళ్ల ఇళ్లలో ఓటు గురించి మాట మొదలవుతుంది. అప్పటికి చాలావరకు సమయం మించిపోయి ఉంటుంది. అందుకే ఎన్నికల హడావుడి లేని రోజుల్లోనే దీన్ని చదివి, అవసరమైన వారికి పంపండి.

విదేశంలో ఉంటున్నవారికి అసలు ఓటు హక్కు ఉందా?

ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20ఏ అనే సెక్షన్‌ను 2010 సవరణ ద్వారా చేర్చారు. అది 2011 ఫిబ్రవరి 10 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఓటరుగా నమోదు కావాలంటే ఆ ఊళ్లో సాధారణంగా నివసిస్తూ ఉండాలనేదే నియమం. దాంతో ఊరు వదిలి పరదేశంలో స్థిరపడినవారి పేరు జాబితాలో నిలిచేది కాదు. 20ఏ సెక్షన్ వచ్చాక ఉద్యోగం, చదువు లేదా మరే కారణంతోనైనా విదేశంలో ఉంటున్న భారత పౌరులు ‘ప్రవాస ఓటరు’గా నమోదు కావచ్చు. వయసు 18 నిండాలి. ఇంకో దేశ పౌరసత్వం తీసుకుని ఉండకూడదు. విదేశానికి వెళ్లి ఎన్నేళ్లయిందన్నది చట్టం అడగదు. ఇరవై ఏళ్లుగా మస్కట్‌లో ఉంటున్నా భారత పాస్‌పోర్టు మీదే కొనసాగుతున్న వ్యక్తికి, నిన్న మొన్న చదువుకు వెళ్లిన అమ్మాయికి ఉన్న హక్కే ఉంటుంది.

గ్రీన్ కార్డు వచ్చింది. ఓటు పోయినట్టేనా?

పోలేదు. గ్రీన్ కార్డు అమెరికాలో శాశ్వతంగా నివసించడానికి ఇచ్చే అనుమతి మాత్రమే, దానితో పౌరసత్వం మారదు. మన గల్ఫ్ కార్మికుల దగ్గర ఉండే రెసిడెన్సీ కార్డులకూ ఇదే వర్తిస్తుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఏ దేశమైనా సరే, పౌరసత్వ ప్రమాణం చేసి ఆ దేశ పౌరులైన నాటి నుంచి మాత్రం భారత పౌరసత్వం ఉండదు. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు.

వేరే దేశ పౌరులైన భారత మూలాలవారికి ఇచ్చే ఓసీఐ కార్డు విషయంలో చాలామంది పొరపడుతున్నారు. ఆ కార్డు ఉంటే వీసా అవసరం ఉండదు, ఇక్కడ ఎన్నాళ్లైనా ఉండవచ్చు, చాలా విషయాల్లో ప్రవాస భారతీయులతో సమానంగా చూస్తారు. ఓటు హక్కు మాత్రం వారికి లేదని పౌరసత్వ చట్టంలోనే రాసి ఉంది.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటున్నాడు. ఇక్కడ వాడి పేరు జాబితాలో ఉంది, ఓటరు కార్డూ బీరువాలో ఉంది. అది సరిపోదా?

సరిపోదు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఈ ప్రశ్నే, ఎక్కువ చిక్కులు తెచ్చిపెట్టేదీ ఇదే.

చట్టం దృష్టిలో ఇక్కడ నివసించే సాధారణ ఓటరు వేరు, ప్రవాస ఓటరు వేరు. ఒకే వ్యక్తి రెండుచోట్ల ఉండకూడదు. ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు నమోదు కావడాన్ని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 18వ సెక్షన్, రెండు నియోజకవర్గాల్లో నమోదు కావడాన్ని 17వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. విదేశంలో స్థిరపడిన మనిషి పేరు ఇక్కడ సాధారణ జాబితాలో ఉండిపోతే, ఇంటింటి పరిశీలనలో ‘ఈ చిరునామాలో లేరు’ అని రాసి తొలగించే వీలుంది. అది పోయాక, ప్రవాస ఓటరుగా నమోదు కాలేదు కాబట్టి, ఆ పిల్లవాడికి ఎక్కడా ఓటు ఉండదు.

తొలగించకపోతే ఇంకో ప్రమాదం ఉంది. మనిషి లేడని ఊరందరికీ తెలిసిన పేరు మీదే దొంగ ఓటు వేసేవారి కన్ను పడుతుంది. 2021 ఏప్రిల్ 17న జరిగిన తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో బయటి నుంచి మనుషుల్ని తెచ్చి ఓట్లు వేయించారని, నకిలీ ఓటరు కార్డులు వాడారని ఎంత గొడవ జరిగిందో ఈ ఊరివారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. మన ఇంట్లోని పిల్లవాడి పేరు అలాంటివారి చేతికి చిక్కకుండా చూడడం మన బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

కాబట్టి ప్రవాస ఓటరుగా నమోదుకు దరఖాస్తు, అంటే ఫారం 6ఏ, పెట్టేటప్పుడు పాత ఓటరు కార్డు నంబరు తెలిపి, ఆ కార్డును అప్పగించాలి. ప్రవాస ఓటరుకు మళ్లీ ఓటరు కార్డు ఇవ్వరు. పోలింగ్ బూత్‌లో అతని గుర్తింపు పత్రం పాస్‌పోర్టే. కార్డు పోతుందని బెంగపడేవారున్నారు. ఓటు జాబితాలోని పేరులో ఉంటుంది, కార్డులో ఉండదు.

ఏ నియోజకవర్గంలో నమోదు చేయించుకోవాలి? మనకు నచ్చినచోట కుదురుతుందా?

కుదరదు. పాస్‌పోర్టులో ఉన్న భారతదేశపు చిరునామా ఏ నియోజకవర్గంలోకి వస్తే అక్కడే. మనవైపు ఇందులో తికమక చాలా ఉంది, కాస్త వివరంగా చెప్తాను.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి తిరుపతి వేరే జిల్లా అయింది. దానికి ముందు తీసుకున్న పాస్‌పోర్టుల్లో తిరుపతివారికి చిత్తూరు జిల్లా అని, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరివారికి నెల్లూరు జిల్లా అని ఉంటుంది. దాని వల్ల ఇబ్బందేమీ లేదు. నియోజకవర్గాల హద్దులు 2008 పునర్విభజన నాటివే, జిల్లాలు మారినప్పుడు అవి మారలేదు. పాస్‌పోర్టులో జిల్లా పేరు పాతదైనా మీ ఊరు, వీధి ఏ శాసనసభ స్థానంలోకి వస్తాయన్నదే చూడాలి.

తిరుపతి అని రాసి ఉన్నంత మాత్రాన తిరుపతి నియోజకవర్గం అనుకోవద్దు. తిరుచానూరు, అవిలాల వంటివి తిరుపతి రూరల్ మండలంలోనివి. ఉత్తరాల మీద అందరం తిరుపతి అనే రాస్తాం, కానీ అవి చంద్రగిరి శాసనసభ స్థానంలోకి వస్తాయి. చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ పరిధిలోనిది. అంటే పద్మావతి అమ్మవారి గుడి దగ్గర ఇల్లున్నవారు ఎన్నుకునేది చిత్తూరు ఎంపీని. అటు సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరివారు తిరుపతి ఎంపీకి ఓటేస్తారు. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు కూడా ఆ లోక్‌సభ స్థానంలోనివే. పుత్తూరువారిది నగరి శాసనసభ, చిత్తూరు లోక్‌సభ. చిత్తూరు, పలమనేరు, కుప్పం, పూతలపట్టు, గంగాధర నెల్లూరు కూడా చిత్తూరు లోక్‌సభలోవే. పాత చిత్తూరు జిల్లాలోని పుంగనూరు, మదనపల్లె, పీలేరు, తంబళ్లపల్లె మాత్రం రాజంపేట లోక్‌సభలో ఉన్నాయి.

దరఖాస్తు తప్పు నియోజకవర్గానికి వెళ్తే వారాలు వృథా అవుతాయి. ఇంట్లోవారి ఓటరు కార్డు చూస్తే శాసనసభ స్థానం పేరు దాని మీదే ఉంటుంది. అన్నిటికంటే సులువైన దారి అది.

పాస్‌పోర్టులో ఉన్న ఇల్లు అమ్మేశాం. అమ్మానాన్నలు ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నారు. ఎలా?

చట్టం చూసేది పాస్‌పోర్టులోని చిరునామానే. ఇల్లు చేతులు మారినా నమోదు అక్కడే అడగాలి. విచారణకు వచ్చినవారికి మీ గురించి చెప్పే బంధువు అక్కడ లేకపోవచ్చు, దానికీ మార్గం ఉంది, కింద రాశాను.

పెళ్లైన ఆడపిల్లల విషయమూ ఇలాంటిదే. పుట్టింటి చిరునామాతో పాస్‌పోర్టు తీసుకుని, పెళ్లి తర్వాత భర్తతో విదేశం వెళ్లిన అమ్మాయికి పుట్టింటి ఊళ్లోనే ప్రవాస ఓటు వస్తుంది. భార్యది పలమనేరు, భర్తది శ్రీకాళహస్తి అయితే ఇద్దరూ ఒకే రోజు రెండు ఊళ్లకు వెళ్లాల్సి వస్తుంది. పాస్‌పోర్టు మళ్లీ తీసుకునే సమయంలో చిరునామా మార్పించుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది.

మరో మాట. విదేశంలోని భారత దౌత్య కార్యాలయంలో పాస్‌పోర్టు పునరుద్ధరించుకున్నప్పుడు కొందరికి అక్కడి చిరునామాతోనే పుస్తకం వస్తోంది. భారతదేశపు చిరునామా లేని పాస్‌పోర్టుతో 20ఏ కింద నియోజకవర్గం తేల్చడం కష్టం. పునరుద్ధరణ దరఖాస్తు నింపేటప్పుడే దీని గురించి అడిగి తెలుసుకోండి.

ఫారం 6ఏ ఎలా పెట్టాలి? ఏమేం జతచేయాలి?

ఎన్నికల సంఘం ఓటర్ల సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. చాలామందికి ఇదే అనుకూలం. లేదంటే నియోజకవర్గ ఓటర్ల నమోదు అధికారికి, అంటే ఈఆర్ఓకు, పోస్టులో పంపవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు స్వయంగా వెళ్లి ఇవ్వవచ్చు. రుసుము ఏమీ లేదు. ఈ పని చేసిపెడతామని డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇటీవలి రంగుల ఫొటో ఒకటి కావాలి. పాస్‌పోర్టులో ఫొటో, పేరు, పుట్టిన తేదీ, భారతదేశపు చిరునామా ఉన్న పేజీల నకళ్లు, చెల్లుబాటులో ఉన్న వీసా ముద్ర ఉన్న పేజీ నకలు కావాలి. పోస్టులో పంపితే ప్రతి నకలు మీద దరఖాస్తుదారే సంతకం చేయాలి. స్వయంగా ఇస్తే అసలు పాస్‌పోర్టు చూసి అప్పుడే తిరిగి ఇచ్చేస్తారు.

ఫారంలో కుటుంబ సభ్యుల వివరాలు, విదేశంలోని ప్రస్తుత చిరునామా, వెళ్లిన కారణం, వీసా వివరాలు అడుగుతారు. చివర ఒక ప్రకటన ఉంటుంది: నేను భారత పౌరుణ్ణి, వేరే దేశ పౌరసత్వం తీసుకోలేదు, తీసుకుంటే వెంటనే తెలియజేస్తాను అని. దీన్ని చదవకుండా సంతకం పెట్టకండి. ఓటర్ల నమోదులో తెలిసి తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

పేరు, ఇంటిపేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందు రాసే అలవాటు, పాస్‌పోర్టులో అది చివరికి పోవడం వల్ల బూత్‌లో పోలిక కుదరక ఇబ్బంది పడవచ్చు.

దరఖాస్తు పెట్టాక ఏం జరుగుతుంది?

ముందు ఆ దరఖాస్తుపై అభ్యంతరాలకు ఏడు రోజుల గడువు ఇస్తారు. బూత్ స్థాయి అధికారి, అంటే బీఎల్ఓ, పాస్‌పోర్టులోని చిరునామాకు వెళ్లి ఇంట్లోవారిని, దగ్గరి బంధువులను అడుగుతారు. ‘మా అమ్మాయే, ఫలానా దేశంలో ఉంది’ అని వారు చెప్పి సంతకం పెడితే పని తేలికగా ముగుస్తుంది. అక్కడ చెప్పేవారు లేకపోయినా, ఉన్నవారు రాసి ఇవ్వడానికి ఇష్టపడకపోయినా, పత్రాలను పరిశీలన కోసం ఆ దేశంలోని భారత దౌత్య కార్యాలయానికి పంపే ఏర్పాటు ఉంది. దీనికి సమయం ఎక్కువ పడుతుంది.

కాబట్టి పిల్లలు దరఖాస్తు పెట్టిన రోజే ఇంట్లోని పెద్దవారికి ఆ సంగతి చెప్పాలి. బీఎల్ఓ వచ్చి మీ అబ్బాయి ఎక్కడున్నాడని అడిగితే, ఎందుకు అడుగుతున్నారో తెలియక ‘ఇక్కడే ఉంటాడు, వస్తూ పోతూ ఉంటాడు’ అనేస్తారు పాపం. ఆ ఒక్క మాటతో దరఖాస్తులో రాసినదానికీ విచారణలో తేలినదానికీ పొంతన లేకుండా పోతుంది.

నిర్ణయం మీరు ఇచ్చిన చిరునామాకు పోస్టులోను, మొబైలుకు సందేశం ద్వారాను తెలుపుతారు. ఆమోదం వచ్చాక జాబితాలో పేరు చూసుకోండి. మీ బూత్ భాగానికి చివరి విభాగంగా ప్రవాస ఓటర్ల పేర్లు వేరుగా ఉంటాయి. ఇంట్లోవారి పేర్ల పక్కన వెతికి కనిపించలేదని కంగారు పడవద్దు.

కువైట్‌లో ఇంటి పనిచేస్తున్న మా అక్క పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. ఆమె నమోదు చేయించుకోలేదా?

చేయించుకోవచ్చు. నమోదుకు కావలసింది నకళ్లే. వెళ్లేముందు పాస్‌పోర్టు, వీసా నకళ్లు ఇంట్లో పెట్టి వెళ్లే అలవాటు మనవైపు ఉంది. ఆ నకళ్ల ఫొటోలు ఆమె ఫోనుకు పంపితే ఆన్‌లైన్ దరఖాస్తుకు పనికొస్తాయి. వీసా ఆ తర్వాత పునరుద్ధరించి ఉంటే కొత్తది జతచేయాలి. దరఖాస్తు మాత్రం ఆమె పేరుతో, ఆమెకు తెలిసి, ఆమె సమ్మతితో పెట్టాలి. ఇంట్లోవారు ఆమె సంతకం పెట్టేయకూడదు.

ఇంటి పనివారి పాస్‌పోర్టు యజమాని తన దగ్గర ఉంచుకోవడాన్ని కువైట్ చట్టం కూడా ఒప్పుకోదు. ఓటు సంగతి పక్కన పెట్టినా, పాస్‌పోర్టు ఆమె చేతికి రావడం అవసరం. ఇబ్బంది ఉంటే భారత రాయబార కార్యాలయానికి చెప్పుకోవచ్చు.

గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ల ఓటు గురించి ఇళ్లలో మాట్లాడుకోవడమే తక్కువ. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది. వారిలో మహిళలు 13 వేల లోపే. నెల నెలా పంపే డబ్బుతో పిల్లల చదువులు, ఇంటి పైకప్పులు నడిపిస్తున్న మనిషికి తన ఊరి ఎమ్మెల్యే ఎవరో నిర్ణయించడంలో మాట ఉండాలి. ఈసారి ఆమె సెలవుకు వచ్చినప్పుడు బంగారం, బట్టలు, బంధువుల ఇళ్లతో పాటు ఈ పని కూడా చేయించండి.

ఎప్పటిలోగా పెట్టాలి?

18 ఏళ్లు నిండాయా అని చూసే వయసు లెక్కకు ఏడాదిలో నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 2022 ఆగస్టు వరకు జనవరి 1 ఒక్కటే ఉండేది. నమోదు ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది. అయితే ఎన్నిక వచ్చినప్పుడు నామినేషన్ల చివరి తేదీ దాటాక ఆ ఎన్నికకు కొత్త పేరు చేర్చరు.

2024నే చూడండి. మన రాష్ట్రంలో పోలింగ్ మే 13న జరిగింది. నామినేషన్ల గడువు ఏప్రిల్ 25తో ముగిసింది. అభ్యంతరాల వారం రోజులు, బీఎల్ఓ విచారణ కలుపుకుంటే ఏప్రిల్ మొదటి వారం దాటి పెట్టిన దరఖాస్తు తేలడం కష్టమే. మే నెలలో మేలుకున్నవారికి దారే లేదు. ఆరు నెలల ముందు పెట్టడం మేలు.

ఆన్‌లైన్‌లో ఓటు వేయవచ్చని వాట్సాప్‌లో చూశాం. నిజమేనా?

నిజం కాదు. 2019 ఎన్నికలకు ముందు కూడా ఇలాంటి సందేశమే తిరిగితే, అది అబద్ధమని ఎన్నికల సంఘం ప్రకటించాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో జరిగేది నమోదు మాత్రమే. ఓటు వేయాలంటే ఇక్కడికి రావాలి. రాయబార కార్యాలయంలో పోలింగ్ ఉండదు, ప్రవాస ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్ లేదు, ఇంకొకరు మీ తరఫున వేయడానికీ వీల్లేదు.

ఇంత దూరం నుంచి వచ్చి వేయాలంటే ఎలా? ఈ నియమం మారదా?

నియమం మార్చే ప్రయత్నాలు జరిగాయి. విదేశంలో ఉన్నవారు తమ తరఫున ఓటు వేసే మనిషిని నియమించుకునే వీలు కల్పిస్తూ తెచ్చిన బిల్లును 2018 ఆగస్టు 9న లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో అది ముందుకు సాగలేదు. 2019లో 16వ లోక్‌సభ రద్దుతో బిల్లు కూడా మురిగిపోయింది. 2020 చివర్లో ఎన్నికల సంఘం మరో దారి సూచించింది. సైనికులకు ఉన్నట్టే బ్యాలెట్ పత్రాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, ఓటరు దాన్ని ముద్రించి, గుర్తు పెట్టి తిప్పి పంపే పద్ధతి అది. ప్రవాస ఓటర్లకు అది ఇంకా అందలేదు.

ఈ రెండింటిలో నా మొగ్గు రెండోదానివైపే. ఇంకొకరి చేతికి ఓటు ఇచ్చే పద్ధతి మన పల్లెల్లో పెత్తందార్లకు వరమవుతుంది. కువైట్‌లో ఉన్న అమ్మాయి ఓటును ఇక్కడ బావగారో మామగారో ఎవరికి వేశారో ఆమెకు ఎలా తెలుస్తుంది? బ్యాలెట్ పంపే పద్ధతిలోనూ చిక్కులున్నాయి. ఒకే గదిలో పది మంది కలిసి ఉండే కార్మికుల శిబిరంలో రహస్యంగా ఓటు వేయడం ఎలాగో ఆలోచించాలి. అయినా కనీసం ఓటు ఓటరు చేతిలోనే ఉంటుంది.

రమ్మనడం ఎంత భారమో అంకెలే చెప్తున్నాయి. 2024లో నమోదైన 1,19,374 మందిలో వచ్చి ఓటు వేసినవారు 2,958 మంది. వారిలో 2,670 మంది కేరళ వారే. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 8 వేల మంది నమోదైతే 200 మంది కూడా వేయలేదు. గల్ఫ్ కార్మికుడికి విమానం టికెట్టు ఒకటి రెండు నెలల జీతం. సెలవు యజమాని ఇవ్వాలి. హక్కు కాగితం మీద ఇచ్చి, దాన్ని వాడుకునే దారి ఇంత ఇరుకు చేయడం అన్యాయం. నమోదు చేయించుకుని ఏం లాభమని అడిగేవారికి నా జవాబు ఒకటే: నమోదైనవారి సంఖ్య తక్కువగా ఉన్నంత కాలం ఈ నియమం మార్చాలన్న ఒత్తిడి ఎవరి మీదా పడదు.

పోలింగ్ రోజున ఏం తీసుకెళ్లాలి?

అసలు పాస్‌పోర్టు. నకలు, ఫోనులో ఫొటో, ఆధార్ ఏవీ దానికి బదులు కావు. మిగతాదంతా అందరిలాగే: వరుస, సంతకం, ఎడమ చూపుడు వేలికి సిరా.

ప్రయాణం గురించి ఒక సూచన. చెన్నై, బెంగళూరు, హైదరాబాదు, ఏ విమానాశ్రయంలో దిగినా పోలింగ్‌కు ముందు రోజు సాయంత్రానికి ఊరు చేరేలా చూసుకోండి. 2024లో పోలింగ్ ముందు రోజుల్లో బస్సులు, రైళ్లు ఎంత కిక్కిరిసిపోయాయో చూశాం. గంగమ్మ జాతర కూడా మే నెలలోనే కాబట్టి రెండూ కలిసివస్తే సెలవు అడగడానికి ఇంట్లో మంచి కారణమే ఉంటుంది.

వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేశారంటే?

వెనక్కి రావద్దు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్డ్ ఓటు అడగండి. మీరెవరో పాస్‌పోర్టుతో నిరూపిస్తే కాగితపు బ్యాలెట్ ఇస్తారు, దాన్ని వేరే కవరులో భద్రపరుస్తారు. అది మామూలు లెక్కింపులో కలవదు. కానీ ఎన్నికపై వివాదం కోర్టుకు వెళ్లినప్పుడు ఆ కవరే సాక్ష్యం. దాంతో పాటు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

మేము మనవడి కోసం ఆరు నెలలు అమ్మాయి దగ్గర ఉండి వస్తాం. మేమూ 6ఏ పెట్టాలా?

అక్కరలేదు. కొంతకాలం ఊళ్లో లేనంత మాత్రాన సాధారణ నివాసం పోదని 20వ సెక్షన్ చెప్తోంది. మీరు ఇక్కడి ఓటర్లే. అయితే ఇంటికి తాళం వేసి ఉన్న సమయంలో బీఎల్ఓ వస్తే వెళ్లిపోయారని రాసుకునే ప్రమాదం ఉంది. పక్కింటివారికి చెప్పి వెళ్లండి, తిరిగి వచ్చాక జాబితా ఒకసారి చూసుకోండి. 1950 నంబరుకు ఫోన్ చేసినా చెప్తారు.

మా తమ్ముడు భారత రాయబార కార్యాలయంలో పనిచేస్తున్నాడు. అతనికీ ఇదేనా?

వేరు. కేంద్ర ప్రభుత్వం తరఫున విదేశంలో ఉద్యోగం చేసేవారు సర్వీసు ఓటర్లు. వారి ఫారం వేరు, వారికి పోస్టల్ బ్యాలెట్ సదుపాయం ఉంది. వెంట ఉంటున్న భార్యకు లేదా భర్తకూ అది వర్తిస్తుంది.

దరఖాస్తు తిరస్కరిస్తే?

ఈఆర్ఓ నిర్ణయంపై 15 రోజుల్లో జిల్లా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు ఉంది. ముందు తిరస్కరణకు కారణం ఏమిటో తెలుసుకోండి. చిరునామా తప్పు, అస్పష్టమైన నకలు వంటి చిన్న లోపమే అయితే అప్పీలు కంటే మళ్లీ దరఖాస్తు పెట్టడమే త్వరగా తేలుతుంది.

విదేశంలో ఇల్లు మారినా, పౌరసత్వం మారినా చెప్పాలా?

రెండూ చెప్పాలి. అక్కడి చిరునామా మారితే ఈఆర్ఓకు తెలపడం ఓటరు బాధ్యత, లేకపోతే నోటీసులు పాత ఇంటికి పోతాయి. పౌరసత్వం మారిన రోజున ఓటు హక్కు పోతుంది కాబట్టి పేరు తీసేయమని వెంటనే కోరాలి. పేరు ఉంది కదా అని సెలవుకు వచ్చినప్పుడు ఓటు వేసి వెళ్లడం నేరం.

ఉద్యోగం మానేసి ఇక్కడికే వచ్చేస్తున్నాం. ఇప్పుడేం చేయాలి?

తిరిగి వచ్చి స్థిరపడ్డాక ప్రవాస ఓటరుగా కొనసాగకూడదు. ఆ సంగతి పాత ఈఆర్ఓకు తెలిపి, ఇప్పుడు నివసిస్తున్న చోట ఫారం 6తో సాధారణ ఓటరుగా నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టులో చిత్తూరు అని ఉన్నా మీరు బెంగళూరులో ఇల్లు తీసుకుని ఉంటే అక్కడే నమోదు అవుతుంది. ఈసారి ఓటరు కార్డు కూడా ఇస్తారు.